బెంగుళూరు నగరధూళి యందలి సీసము: ఒక చారిత్రక పరిశీలనము

ఉపోద్ఘాతము

ధూళి యనగానే తుడిచివేయదగిన దని లోకము తలంచును. కాని ధూళికిని చరిత్ర కలదు. రాజుల చరిత్రకు శాసనములును నాణెములును ఎట్లాధారములో, ఒక నగరమున బ్రదికిన సామాన్యజనుల వృత్తులకును, వారికి గలిగిన రోగములకును ఆ నగరపు ధూళి అట్టి ఆధారము. శాసనమును వ్రాయించినవాడు తాను చెప్పదలచినదానినే వ్రాయించును. ధూళి మాత్రము ఎవరును చెప్పదలపని సంగతులను గూడ తనలో దాచియుంచును.

బెంగుళూరు పాతపేటలో నగరత్ పేట మున్నగు కంసాలి వీధుల దుమ్మును ఊడ్చి, నీట గడిగి, అందలి బంగారు రజమును దీసి జీవించు నిరుపేద లున్నారు. వారి కన్నులకు ఆ ధూళి ధనము. అదే నగరపు ధూళిలో కొనువారు లేని లోహములును కలవు. సీసము, కాడ్మియము, క్రోమియము, పాదరసము, ఆంటిమొనీ అను నవి వానిలో ముఖ్యములు. వీనిని వెదకి తీయువారు లేరు గాని, తెలియకయే లోనికి గొనువారు లక్షలమంది. అందును నేలపై ప్రాకు పసిపిల్లలు మొదటివారు.

ఈ లోహములన్నింటిలో మానవునకు చిరపరిచితమైనదియు, బెంగుళూరు చరిత్రతో గాఢముగా ముడిపడినదియు సీసము. కావున ఈ వ్యాసమున సీసమునకే ప్రాధాన్యము. తక్కిన లోహములు సందర్భానుసారముగా ప్రస్తావింపబడును. సీసము మనుజుల నడుమకు ఎట్లు వచ్చెను? అది విషమని ఎప్పుడు తెలిసెను? తెలిసిన పిదప దానిని తొలగించుటకు ఎన్ని యేండ్లు పట్టెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఇచటి ప్రయత్నము.

ప్రాచీనులెరిగిన సీసము

ఆంధ్రుల చరిత్రలో సీసమునకు గౌరవస్థానమే కలదు. శాతవాహన చక్రవర్తులు వెండితోను, రాగితోను, పోటీనుతోను నాణెములు వేయించిరి. కాని ఆ వంశపు నాణెములలో సీసపు నాణెములు విశేషముగా లభించినవి. తెలంగాణమునందలి కోటిలింగాల, పెద్దబంకూరు త్రవ్వకములలో ఇట్టివి దొరకినవి. కన్నడ దేశమున చిత్రదుర్గము చెంత చంద్రవల్లియందును సీసపు నాణెములు బయల్పడినవి. ఇట్లు తెలుగు కన్నడ సీమలు రెండును రెండువేల యేండ్ల క్రిందటనే ఈ లోహమును చేత బట్టినవి. గుంటూరు సీమలోని అగ్నిగుండాల ప్రాంతమున సీసపు గనులు నడచినవి.

సీసము తేలికగా కరగును. దాదాపు 327 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి చాలును. మెత్తనిది, తుప్పుపట్టనిది, ఎట్లు వంచిన నట్లు వంగునది. అందువలననే అన్ని దేశముల పనివారును దానిని ప్రేమించిరి. వెండిని శుద్ధిచేయుటకు సీసము కావలెను. సీసమును కాల్చిన ఎఱ్ఱని సిందూరము వచ్చును. తెల్లని సీసము రంగులకు పనికివచ్చును. సుర్మాలలో కొన్ని సీసపు గంధకమే. రోమనులు నీటిగొట్టములను సీసముతో చేసిరి. ఆనాటి రోమక సామ్రాజ్యపు కొలుముల నుండి లేచిన సీసపు ధూళి గాలిలో కొట్టుకొనిపోయి గ్రీన్లాండు మంచుపొరలలో నేటికిని నిలిచియున్నదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ధూళి చరిత్రగ్రంథమనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

సీసము విషమన్న సంగతియు ప్రాచీనులకు తెలియనిది కాదు. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దిలో నికాండరు అను గ్రీకు కవి దాని విషలక్షణములను వర్ణించెను. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దివాడైన విట్రూవియస్ అను రోమక వాస్తుశాస్త్రజ్ఞుడు సీసపు పనివారి పాలిపోయిన దేహములను జూపి, మట్టిగొట్టముల నీరే ఆరోగ్యకరమని వ్రాసెను. క్రీ.శ. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జినీ వృత్తిరోగములపై గ్రంథము రచించి, కుమ్మరులకును చిత్రకారులకును సీసము వలన గలుగు బాధలను వివరించెను. కావున మానవజాతి సీసమును తెలియక వాడినదనుట సత్యము కాదు. తెలిసియే వాడినది. బాధపడువారు పనివారగుటచే ఆ తెలివి గ్రంథములలోనే నిలిచిపోయినది.

శిశువుల విషయమున మొదటి హెచ్చరిక ఆస్ట్రేలియా నుండి వచ్చెను. 1904లో క్వీన్స్‌లాండు వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సను పిల్లల సీసరోగమునకు కారణము ఇంటి వరండాల కమ్మీలపై పూసిన రంగేయని తెలిపెను. ఎండకు రంగు పొడియై రాలును. ఆ పొడి పిల్లల చేతులకు అంటును. చేతులు నోటికి పోవును. ఈ మూడు మెట్ల మార్గమును ఆయన అప్పుడే గుర్తించెను. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ రంగులలో తెల్లసీసపు వాడుకను కట్టుబాటు చేయు ఒడంబడికను చేసెను.

కోలారు నేర్పిన పాఠము

బెంగుళూరునకు తూర్పున నూరు కిలోమీటర్ల దూరమున కోలారు బంగారు గనులు కలవు. ధూళి ప్రాణాంతకమని మైసూరు సీమకు బోధించినది ఆ గనులే. 1880 ప్రాంతమున జాన్ టెయిలర్ సంస్థవారు అచట పని ప్రారంభించిరి. చిత్తూరు సీమనుండి తెలుగువారును, ఉత్తరార్కాటు సీమనుండి తమిళులును తండోపతండములుగా పోయి గనులలో దిగిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చెను. గనులు లోతునకు పోయినకొలది బంగారముతోపాటు రాతిపొడియు పైకి వచ్చెను.

ఆ పొడి కూలీల ఊపిరితిత్తులలో పేరుకొనెను. 1940 మొదలు 1946 వరకు 7,653 మంది పనివారిని పరీక్షింపగా నూటికి 43.7 మందికి సిలికోసిస్ అను రాతిధూళి రోగము కలదని తేలెను. 1947లో ప్రకటితమైన ఈ సంగతి భారతదేశపు వృత్తిరోగముల చరిత్రలో తొలి ప్రమాణములలో ఒకటి. ఇది లోహవిషము కాదు, రాతిధూళి కలిగించిన రోగము. అయినను రెండింటికిని ఒక పోలిక కలదు. ధూళి కంటికి కనబడదు, రోగము వెంటనే రాదు, గణన జరుగువరకు బాధ బాధగా అంగీకరింపబడదు. పనివాని దగ్గును విన్నవారు పెక్కుమంది. లెక్కించినవారు ఏ కొందఱో.

1956లో గనులు ప్రభుత్వపరమైనవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. కాని బంగారము తీయగా మిగిలిన పొడి గుట్టలుగా నేటికిని కోలారు గనుల పట్టణమున నిలిచియున్నది. వానిని జనులు సయనైడు దిబ్బలందురు. ఆషాఢపు గాలులు వీచునపుడు ఆ పొడి ఇండ్లమీదికి ఎగసి వచ్చును. గని పోయినను ధూళి పోలేదు.

బంగారపు ధూళియు సీసపు ధూళియు ఒకేచోట గలిసిన ఘోరము ఆఫ్రికా ఖండమున జరిగెను. 2010లో నైజీరియా దేశపు జంఫారా రాష్ట్రములో గ్రామస్థులు బంగారము కొఱకు రాతిని ఇండ్ల వాకిండ్లలోనే పొడిచేసిరి. ఆ రాతిలో సీసము విస్తారముగా నుండెను. నాలుగువందల మందికి పైగా పిల్లలు మరణించిరి. తండ్రి తెచ్చిన రాయి, తల్లి దంచిన పొడి, బిడ్డ ఆడుకొన్న వాకిలి: ఇంతే ఆ విషపు మార్గము.

పెట్రోలులో చేరిన సీసము

ఇరువదవ శతాబ్దిలో సీసపు చరిత్ర క్రొత్త మలుపు దిరిగెను. 1921లో అమెరికాయందు థామస్ మిడ్జ్‌లీ అను ఇంజనీరు, పెట్రోలులో సీసమిశ్రమును కొంచెము కలిపినచో మోటారు యంత్రము కొట్టుకొనకుండ సాఫీగా నడచునని కనుగొనెను. 1923లో అది అమ్మకమునకు వచ్చెను. 1924 అక్టోబరులో న్యూజెర్సీ లోని కర్మాగారమున ఆ మిశ్రమును తయారుచేయు పనివారు ఐదుగురు మతిభ్రమించి మరణించిరి. 1925లో ప్రభుత్వము ఒక సభను సమావేశపఱచెను. ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు వీధివీధికి విషము చల్లుట తగదని ఎదిరించెను. కాని వర్తకము గెలిచెను. అమ్మకము తాత్కాలికముగా ఆగి మరల సాగెను.

అంతవరకు సీసము కర్మాగారమునకును, రంగు పూసిన ఇంటికిని పరిమితము. పెట్రోలులో చేరినది మొదలు అది మోటారు పోవు చోట్లకెల్ల పోయెను. పొగగొట్టమునుండి వెలువడిన సూక్ష్మకణములు బాట ప్రక్క మట్టిలోను, కిటికీ రెక్కలపైని, ఆరవేసిన బట్టలపైని నిలిచెను. ఇతర విషములు కొన్ని కాలక్రమమున విరిగి నశించును. సీసము మూలధాతువు. దానికి విఱుగుట లేదు. నిన్న రాలిన సీసము నేడు ధూళి, రేపును ధూళియే.

భూమి వయస్సు 455 కోట్ల యేండ్లని 1956లో నిర్ణయించిన క్లెయిర్ పాటర్సన్ అను శాస్త్రజ్ఞుడు, తన ప్రయోగశాలలో ఎంత కడిగినను సీసము చేరుట గమనించి దాని మూలమును వెదకెను. 1965లో ఆయన ప్రకటించిన పత్రము మనుష్యుని దేహమున నేడు గల సీసము సహజమైనది కాదని చాటెను. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అను శిశువైద్యుడు బడిపిల్లల ఊడిన పాలపండ్లను సేకరించి, వానిలోని సీసమును కొలిచెను. ఏ పిల్లల పండ్లలో సీసమెక్కువో ఆ పిల్లలకు బుద్ధిపరీక్షలో అంకెలు తక్కువ. తరగతిలో నిలకడయు తక్కువ. ఆ పిల్లలకు బాహ్యమైన రోగచిహ్న మేదియు లేదు.

ఉపాధ్యాయ లోకము ఈ సంగతిని నిలిచి యాలోచింపవలెను. బడిలో మందమతి యని, సోమరి యని, దుడుకువా డని పేరుపడిన పిల్లవాని తప్పు వానిది కాకపోవచ్చును. వాని తలిదండ్రుల పెంపకమునదియు కాకపోవచ్చును. వాడు పుట్టిన వీధి ధూళిది కావచ్చును.

బెంగుళూరులో జరిగిన గణన

భారతదేశపు పెట్రోలులో ఒకానొకప్పుడు లీటరునకు 0.56 గ్రాముల వరకు సీసము చేర్చుటకు వీలుండెను. 1940లో విమాన కర్మాగారము, 1948లో టెలిఫోను కర్మాగారము, 1950 తరువాతి దశాబ్దిలో యంత్రపరికరముల కర్మాగారము, ఎలక్ట్రానిక్సు కర్మాగారము వెలసి బెంగుళూరు పారిశ్రామిక నగరమైనది. పింఛనుదారుల ఊరని, తోటల నగరమని పేరొందిన పట్టణమున మోటారు వాహనములు ఏటేట హెచ్చినవి. 1994లో మహానగరములందు సీసము తగ్గిన పెట్రోలు ప్రవేశపెట్టబడెను. 1995 ఏప్రిలునుండి నాలుగు మహానగరములలో క్రొత్త కార్ల కొఱకు సీసరహితపు పెట్రోలు వచ్చెను.

ఇంతవరకు ఎంత విషము జనుల రక్తమున చేరినదో దేశమంతటికి జరిగిన గణన లేదు. ఆ పనికి పూనుకొన్నది బెంగుళూరు నగరమున వెలసిన జార్జి ఫౌండేషను. దాని స్థాపకుడు అబ్రహాం జార్జి. 1997–98లలో ఆ సంస్థ పక్షమున బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు, ముంబయి, కలకత్తా, ఢిల్లీ మున్నగు నగరములలో ఇరువది రెండువేల మందికి పైగా రక్తపరీక్షలు జరిగెను. వారిలో పిల్లలే యధికులు. డెసిలీటరు రక్తమునకు 10 మైక్రోగ్రాములు ఆనాటి అపాయపు హద్దు. పండ్రెండేండ్ల లోపు నగర బాలలలో సగమునకు పైగా ఆ హద్దు దాటియుండిరి. సగము అనగా తరగతిగదిలో రెండు బల్లల కొక బల్ల యని యర్థము.

1999 ఫిబ్రవరిలో బెంగుళూరులోనే సీసవిష నివారణమునకు అంతర్జాతీయ సభ జరిగెను. నానాదేశముల వైద్యులును, పాలకులును, శాస్త్రజ్ఞులును కూడిరి. మరుసటి సంవత్సరము 2000 ఫిబ్రవరి 1నాటికి దేశమంతటను సీసరహితపు పెట్రోలే అమ్మవలెనన్న నియమము అమలునకు వచ్చెను. అమెరికాలోని 1925 నాటి సభకును మన దేశపు ఈ నియమమునకును నడుమ డెబ్బదియైదు సంవత్సరములు. ప్రపంచమున చిట్టచివర ఈ పెట్రోలును విడిచిన దేశము అల్జీరియా. అది 2021లో.

ఆ సభ తరువాత బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలలో సీసవిష జాతీయ కేంద్రము నెలకొనెను. ఆచార్య తుప్పిల్ వెంకటేశ్ దానికి సారథ్యము వహించి, రంగుల కర్మాగారములకును, బ్యాటరీ పనివారికిని, బడులకును ఈ జ్ఞానమును అందించుటకు శ్రమించిరి.

నియమము ఫలించెనా? ముంబయిలో సీసపు పెట్రోలు పోయిన పిదప 754 మంది పిల్లలను మరల పరీక్షించిరి. మొదటి గణనలో నూటికి 61.8 మంది హద్దు దాటియుండగా రెండవ గణనలో 33.2 మందియే దాటిరి. ఒక్క శాసనముతో ఇంతటి మేలు జరిగెను. కాని మిగిలిన 33 మంది సంగతి యేమి? పెట్రోలు పోయిన తరువాతను వారి రక్తములోనికి సీసము ఎచటినుండి వచ్చుచున్నది? చరిత్ర ఇచట ముగియలేదనుటకు ఈ ప్రశ్నయే సాక్షి.

పెట్రోలు తరువాతి ధూళి

మొదటిది రంగు. నూనెరంగులలో, ముఖ్యముగా పసుపుపచ్చ, ఎఱుపు, నారింజ వన్నెలలో సీసము చేర్చుట మన దేశమున చాలకాలము సాగెను. 2016 నవంబరులో కేంద్రప్రభుత్వము గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని నియమము చేసెను. 2017 నవంబరునుండి అది అమలునకు వచ్చెను. గిబ్సను హెచ్చరికకును ఈ నియమమునకును నడుమ నూటపండ్రెండు సంవత్సరములు. నియమమునకు ముందు పూసిన రంగు మాత్రము పాత ఇండ్ల తలుపులమీదను, కిటికీ ఊచలమీదను, బడిబల్లలమీదను నేటికిని కలదు. పండుగకు ముందు ఆ తలుపును గరుకుకాగితముతో రుద్దునపుడు లేచు పొడియే గిబ్సను చెప్పిన పొడి.

రెండవది బ్యాటరీ. మోటారులకును, ఇండ్లలోని ఇన్వర్టర్లకును వాడునది సీసపు బ్యాటరీయే. పాత బ్యాటరీని పగులగొట్టి, సీసమును కరగించి, తిరిగి అమ్ముదురు. నియమబద్ధమైన కర్మాగారమున జరిగినచో ఇది మెచ్చదగిన పని. ఇంటి వెనుక పెరటిలో జరిగినచో ఇదియే మృత్యుద్వారము. సెనెగలు దేశపు డకారు నగరశివారున ఇట్టి పనివలన 2007–08లలో పదునెనమండుగురు పిల్లలు మరణించిరి. మన దేశమున 2001లోను, మరల 2022లోను బ్యాటరీలపై నియమములు వచ్చినవి.

మూడవది, బెంగుళూరునకు ప్రత్యేకమైనది, విద్యుత్పరికరముల చెత్త. కంప్యూటరులకు పేరుపొందిన నగరము పాత కంప్యూటరులకును నెలవగుట సహజము. 2005లో నగరమునకు వాయవ్యమున దాబస్‌పేటలో ఇ-పరిసర అను సంస్థ ప్రభుత్వానుమతితో ఇట్టి చెత్తను శుద్ధిచేయుటకు ప్రారంభించెను. కాని చెత్తలో పెద్దభాగము పేదల వాడలలోని చిన్న కొట్లకే పోయెను. అచట తీగలను కాల్చి రాగిని తీయుదురు. పలకలను వేడిచేసి అతుకుసీసమును కరగింతురు. ఆమ్లములో ముంచి బంగారమును రాబట్టుదురు. 2009లో ప్రకటితమైన జపాను శాస్త్రజ్ఞుల పరిశోధన బెంగుళూరులోని ఇట్టి తావుల మట్టిని, గాలిని, పనివారి తలవెండ్రుకలను పరీక్షించెను. మట్టిలో రాగి, ఆంటిమొనీ, పాదరసము, సీసము కొన్నిచోట్ల అంగీకృతమైన హద్దును దాటియుండెను. పనివారి వెండ్రుకలలోను సీసము, కాడ్మియము, ఆంటిమొనీ అధికముగా కనబడెను. నేలలోనిది, గాలిలోనిది, దేహములోనిది ఒక్కటే యని దీనివలన తెలిసెను. 2011 నుండి ఇట్టి చెత్తపై ప్రత్యేక నియమములు కలవు.

నాలుగవది పరిశ్రమ. నగరపు వాయవ్యమున పీణ్య పారిశ్రామికవాడ కలదు. అచటి లోహపుపూత పనులవలన క్రోమియము భూగర్భజలమున చేరినది. ఐదవది బాటయే. పెట్రోలులో సీసము లేకున్నను, బ్రేకుల అరుగుదలవలన రాగియు ఆంటిమొనీయు, టైర్ల అరుగుదలవలన యశదమును ధూళిలో చేరుచునే యుండును. బెంగుళూరు వాహనముల సంఖ్య కోటి దాటినది. ఎండకాలమున వాహనపు చక్రము పాత సీసమును గూడ మరల మరల గాలిలోనికి లేపుచున్నది.

దేహమున విషము చేయు పని

సీసమునకు దేహమున ఏ యుపయోగమును లేదు. అది కాల్షియము వేషము ధరించి లోన ప్రవేశించును. ఎముకలలో స్థిరపడి దశాబ్దములు నిలుచును. స్త్రీ గర్భవతి యైనపుడు ఆ ఎముకలనుండి వెలువడి శిశువును చేరును. తల్లి చిన్ననాట ఆడుకొన్న వాకిటి ధూళి ఇట్లు బిడ్డకు వారసత్వమగును. రక్తము తయారగుటకు వలసిన ద్రవ్యములను సీసము పనిచేయనీయక రక్తహీనమును గలిగించును. పెద్దలకు రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు, హృద్రోగము తెచ్చును. పిల్లలకు మెదడు పెరుగుటనే అడ్డగించును.

పెద్దవారికంటె పిల్లలు తాము మ్రింగిన సీసమును నాలుగైదు రెట్లు అధికముగా గ్రహింతురని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆకలితో నున్న పిల్లవానికి, ఇనుము కొఱవడిన పిల్లవానికి అది మఱింత యెక్కును. రక్తహీనము మన దేశపు బాలలలో సర్వసాధారణము. అందుచే పేదపిల్లవాడు రెండువిధముల నష్టపోవును.

అపాయపు హద్దు చరిత్రయు చదువదగినదే. అమెరికాలో 1960 ప్రాంతమున 60 మైక్రోగ్రాములు హద్దు. 1985లో 25. 1991లో 10. 2012లో 5. 2021లో 3.5. విషము మాఱలేదు, దానిని గూర్చిన మన అజ్ఞానమే కొంచెము కొంచెముగా తగ్గినది. నిరపాయమైన సీసపు మోతాదు లేదని నేడు శాస్త్రజ్ఞులు ఏకకంఠమున చెప్పుదురు. 5 మైక్రోగ్రాములను హద్దుగా గొన్నచో మన దేశమున సుమారు 27.5 కోట్ల బాలలు దానిని దాటియున్నారని 2020లో యూనిసెఫ్ ప్రకటించిన నివేదిక అంచనా వేసినది. చికిత్స కొంతవరకు కలదు. కాని అది తీవ్రముగా విషమెక్కినవారికి ప్రాణము నిలుపుటకే. తగ్గిన బుద్ధిని తిరిగి తెచ్చు మందు లేదు.

తెలుగువారును ఈ ధూళియు

బెంగుళూరు తెలుగువారు రెండు తీరులవారు. పేటలో వర్తకులై, నేతగాండ్రై, స్వర్ణకారులై తరతరములుగా స్థిరపడినవారు ఒక తీరు. అనంతపురము, చిత్తూరు, కడప, పాలమూరు సీమలనుండి అనావృష్టికి ఓర్వలేక వలస వచ్చి మేస్త్రీలై, కూలీలై, రంగులు వేయువారై జీవించువారు రెండవ తీరు. నగరమున లేచిన మేడల గోడలపై ఈ రెండవవారి చేతిముద్రలు కలవు. వారి బిడ్డలు కట్టుచున్న భవనముల యొద్దనే, సిమెంటు బస్తాల నడుమ, రంగుడబ్బాల చెంతనే పెరుగుదురు. సాయంకాలము తండ్రి గుడ్డలపై నున్న ధూళిని ఎత్తుకొన్న బిడ్డ పీల్చును. ప్రేమతో ఎత్తుకొనుటయే విషము సంక్రమించు మార్గమగుట ఎంతటి దైన్యము!

తెలుగుదేశమున 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున ఒక్కసారిగా ఆరువందల మందికి పైగా మూర్ఛలతోను తలతిరుగుడుతోను పడిపోయిరి. ఢిల్లీ అఖిలభారత వైద్యసంస్థ వారి రక్తపు నమూనాలలో సీసమును, నికెలును కనుగొన్నది. పిమ్మట జరిగిన పరిశోధనలు పురుగుమందుల వైపు వ్రేలు చూపినవి. కారణమేదైనను ఒక సంగతి స్పష్టమైనది. ఆనాడు ఏలూరు వీధులలో జనులు పడిపోవుటచే ప్రభుత్వములు కదలినవి. ఏ శబ్దమును లేక, ఏ మూర్ఛయు లేక, నెమ్మదిగా రక్తమున చేరు సీసమునకు అట్టి పిలుపు లేదు. దానికి గణనయే గొంతు.

నివారణోపాయములు

శాసనములు చేయుట ప్రభుత్వము వంతు. గృహస్థుల వంతు స్వల్పమే గాని వ్యర్థము కాదు. పొడిచీపురుతో ఊడ్చుటకంటె తడిగుడ్డతో తుడుచుట మేలు. వాకిట కళ్ళాపి చల్లి ఊడ్చు మన యాడవారి వాడుకలో ధూళిని అణచు తెలివి కలదు. దానిని ఇంటిలోపలికిని తేవలెను. పాత రంగును పొడిగా గీకరాదు. తడిపి గీకవలెను, ఆ వేళ పిల్లలను దూరముంచవలెను. రంగుపని, బ్యాటరీపని, లోహపుపని చేయువారు పనిబట్టలను ఇంటికి తేరాదు; చేతులు, ముఖము కడిగికొని పిదప బిడ్డను ఎత్తుకొనవలెను. పిల్లలు భోజనమునకు ముందు చేతులు కడుగుట బడి నియమము కావలెను. పరీక్షింపబడని సిందూరము, సుర్మా పసిపిల్లలకు పూయరాదు. విడి పసుపులో మెఱుపు కొఱకు సీసపు క్రోమేటును కలుపు దురాచారము కొన్ని ప్రాంతములలో బయల్పడినది గాన కొమ్ములు కొని దంపించుట మంచిది. కాల్షియమునకు రాగిముద్ద, ఇనుమునకు ఆకుకూరలు చక్కని ఆహారము. కడుపునిండ తిన్న పిల్లవాని దేహము సీసమును తక్కువగా గ్రహించును. ఈ రెండును రాయలసీమవారికి, కన్నడిగులకు పరిచితములే.

అనుమానమున్న యెడల రక్తపరీక్ష చేయింపవలెను. రంగుపనివారి, బ్యాటరీపనివారి పిల్లలకు ఇది ముఖ్యము. తెలుగు సంఘములు వైద్యశిబిరములు నడపునపుడు కంటి పరీక్షతోను, చక్కెరవ్యాధి పరీక్షతోను పాటు దీనిని గూడ చేర్చినచో గొప్ప సేవ యగును. వలస కూలీలకు వారి మాటలోనే ఈ విషయమును చెప్పుట ఆ సంఘములే చేయగల పని.

ముగింపు

సీసపు చరిత్రను ఆద్యంతము పరిశీలింపగా ఒక క్రమము కనబడుచున్నది. మొదట పనివాడు బాధపడును. తరువాత ఒక వైద్యుడు గుర్తించును. వర్తకము కాదనును. ఏండ్లు గడచును. ఎవరో ఒకరు ఓపికతో లెక్కింతురు. లెక్క ముందు కాదనుట నిలువదు. శాసనము వచ్చును. శాసనము వచ్చునాటికి ఒకటిరెండు తరములు నష్టపడియుండును. విట్రూవియస్ నాటి పనివాడు, కోలారు కూలీ, బెంగుళూరు బడిపిల్లవాడు ఈ క్రమమునకే లోబడిరి.

అయినను నిరాశకు తావు లేదు. పెట్రోలులోని సీసము పోవుట ఒక నిజమైన విజయము. దానికి వలసిన లెక్కలో పెద్దభాగము బెంగుళూరునుండి నడచినదనుట ఈ నగరవాసులకు గర్వకారణము. మిగిలిన సీసము పాత తలుపుమీద, పెరటి కొలిమిలో, చెత్తకొట్టు నేలపై కలదు. శాతవాహనుల సీసపు నాణెమును అద్దపు పెట్టెలో భద్రపఱచి బిడ్డలకు చూపుదుము. అది మన పూర్వుల కీర్తి. నేటి సీసము బిడ్డల ఎముకలలో భద్రపడుచున్నది. రాబోవు చరిత్రకారుడు మనలను గూర్చి ఏమి వ్రాయునో ఆ ఎముకలే ఆయనకు చెప్పును.